గ్రాఫిక్ డిజైన్ స్వతంత్ర వృత్తిగా: తెలుగు రాష్ట్రాల నేపథ్యంలో ఒక సమీక్ష

ఏ సంస్థలోనూ జీతానికి కుదరకుండా, పనికింత అని సొమ్ము తీసుకుంటూ లోగోలు, పుస్తకాల ముఖచిత్రాలు, ప్యాకింగ్ లేబుళ్లు, ప్రకటనలు, సోషల్ మీడియా పోస్టర్లు తయారుచేసేవారు ఫ్రీలాన్స్ గ్రాఫిక్ డిజైనర్లు. తెలుగు రాష్ట్రాల్లో ఈ పేరు కొత్తదే గాని పని పాతది. గోడల మీద, గుడ్డ బ్యానర్ల మీద అక్షరాలు రాసిన ఆర్టిస్టులు, సినిమా పోస్టర్లకు టైటిళ్లు గీసిన పబ్లిసిటీ డిజైనర్లు, వారపత్రికలకు బొమ్మలు వేసిన చిత్రకారులు చాలామంది ఇలా బతికినవారే. చిత్రకారుడు బాపు (1933–2014) చేతిరాత తర్వాతి కాలంలో కంప్యూటర్ ఫాంటుగా మారి పుస్తకాల మీదా ఆహ్వానపత్రికల మీదా ఇప్పటికీ కనిపిస్తోంది. పబ్లిసిటీ డిజైనర్ ఈశ్వర్ రాసిన 'సినిమా పోస్టర్' ఆ తరం వృత్తి జీవితాన్ని నమోదు చేసిన అరుదైన పుస్తకం.

ఆల్డస్ సంస్థ 1985లో పేజ్‌మేకర్‌ను విడుదల చేశాక అచ్చుపని స్వరూపం ప్రపంచమంతటా మారిపోయింది. ఆ మార్పు తెలుగునాట డీటీపీ సెంటర్ల రూపంలో ఊరూరికీ చేరింది. తర్వాత ఫ్లెక్స్ ప్రింటింగ్ వచ్చి గుడ్డ బ్యానర్లు రాసేవారి చేతిలో పని తీసేసింది. ఈ రెండు మార్పుల వల్ల అక్షరం, బొమ్మ చవకగా అందరికీ అందాయి, అది మేలే. అయితే వాటితోపాటు ఒక అలవాటు కూడా పాతుకుపోయింది. ఫ్లెక్స్ షాపులో ధర చదరపు అడుగుకు ఇంత అని చెబుతారు, డిజైన్‌కు విడిగా ఏమీ తీసుకోరు. పెళ్లిపత్రికల దుకాణంలో కార్డుకు ఇంత అంటారు, మ్యాటర్ అమర్చినందుకు రూపాయి అడగరు. ముప్పై ఏళ్లుగా డిజైన్ అంటే ప్రింటింగుతో ఊరికే వచ్చేదని కొనుగోలుదారుకు అలవాటైంది. కొత్తగా స్వతంత్ర వృత్తిలోకి దిగే డిజైనర్‌కు ఎదురయ్యే చిక్కుల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది. ఈ వృత్తిని నిలబెట్టుకోవడమంటే డిజైన్‌ను ప్రింటింగు నుంచి విడదీయడం: దాని ధరను, హక్కును, దానికి పట్టే సమయాన్ని వేరుగా కాగితం మీద పెట్టడం.

చదువు, అనుభవం, పనుల సంపుటి

వకీలుకు బార్ కౌన్సిల్, ఆర్కిటెక్టుకు 1972 చట్టం కింద నమోదు ఉన్నట్టు గ్రాఫిక్ డిజైనర్‌కు లైసెన్సు ఏదీ లేదు. డిగ్రీ కూడా తప్పనిసరి కాదు. క్రమపద్ధతిలో చదవాలనుకునేవారికి 1961లో అహ్మదాబాద్‌లో మొదలైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్, ఆ పేరుతోనే 2015లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన సంస్థ, హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం, ఐఐటీ హైదరాబాద్ డిజైన్ విభాగం, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఫైన్ ఆర్ట్స్ విభాగం ఉన్నాయి. మిగతావారు సంస్థల్లో పనిచేస్తూనో, సొంతంగా సాధన చేస్తూనో నేర్చుకుంటారు.

నేరుగా స్వతంత్ర వృత్తిలోకి దిగాలా, ముందు ఎక్కడైనా ఉద్యోగం చేయాలా అన్నదానిపై రెండు అభిప్రాయాలున్నాయి. వయసులో ఉన్నప్పుడే, కుటుంబ భారం పడకముందే దిగాలనేది ఒకటి. రెండేళ్లయినా ప్రకటనల ఏజెన్సీలోనో, ప్రింటింగ్ ప్రెస్సులోనో పనిచేసి రావాలనేది రెండోది. రెండోదానికే బలం ఎక్కువ. తెర మీద మెరిసే నీలం రంగు నాలుగు రంగుల ఆఫ్‌సెట్‌లో ఎందుకు మసకబారుతుందో, కత్తిరింపు కోసం అంచుల్లో 3 మిల్లీమీటర్లు ఎందుకు వదలాలో, ఆర్ట్ పేపర్ మీద బాగున్న సన్నటి అక్షరం న్యూస్‌ప్రింట్ మీద ఎందుకు అలుక్కుపోతుందో ప్రెస్సులో నిలబడి చూస్తేనే ఒంటబడుతుంది. ఒక్కసారి ప్లేట్లు తప్పుగా పడి వేల కాపీలు పనికిరాకుండాపోతే ఆ నష్టం ఎవరు భరించాలన్న పేచీ వస్తుంది; ప్రెస్సు పని తెలిసిన డిజైనర్ ఆ పరిస్థితి రానివ్వడు. ఉద్యోగంలో ఉండగా కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టుకోవడం కూడా సన్నాహంలో భాగమే. మొదటి నెలల్లో చేతిలో డబ్బు లేనివారు ఏ ధరకైనా పని ఒప్పుకుంటారు, ఆ ధరే వారి పేరుకు అతుక్కుపోతుంది.

పనుల సంపుటిలో ఎనిమిది, పది నమూనాలు చాలు. క్లయింటు చూసేది అందం ఒక్కటే కాదు, తన సమస్యలాంటిది ఈ డిజైనర్ ఇంతకుముందు పరిష్కరించాడా అన్నది. అందుకని ప్రతి నమూనా పక్కన అవసరం ఏమిటి, ఏం ఆలోచించి ఇలా చేశారు అన్నది నాలుగు వాక్యాల్లో ఉండాలి. ఇంకా క్లయింట్లు లేనివారు తమంతట తాము ఊహించుకున్న పనులు పెట్టవచ్చు. వీధి చివరి మిఠాయి దుకాణానికి కొత్త డబ్బా, గ్రంథాలయానికి సూచిక బోర్డులు, ఒక పాత నవలకు కొత్త అట్ట లాంటివి. అవి సొంతంగా చేసిన సాధన పనులని స్పష్టంగా చెప్పాలి. ఉద్యోగంలో చేసిన పనుల హక్కు సంస్థదే కాబట్టి వాటిని చూపడానికి అనుమతి అడగాలి.

ఏ రంగం, ఏ రుతువు

అన్ని పనులూ చేస్తామనేవారికి తొందరగా పని దొరుకుతుంది, ధర మాత్రం పెరగదు. ఒక రంగాన్ని ఎంచుకున్నవారికి మొదట్లో పని తక్కువ, నిలదొక్కుకున్నాక పోటీ తక్కువ. తెలుగు మార్కెట్‌లో మధ్యేమార్గమే మెరుగు: రెండు మూడేళ్లు వచ్చిన పనులు చేస్తూ, వాటిలో ఏది మళ్లీ మళ్లీ వస్తోందో, ఏది నిక్కచ్చిగా డబ్బు ఇస్తోందో చూసుకుని అటు మొగ్గడం.

ఇక్కడి పనికి ఒక పంచాంగం ఉంది. ముహూర్తాలున్న మాఘ, ఫాల్గుణ, శ్రావణ మాసాల ముందు పెళ్లిపత్రికలు, నగల దుకాణాల, వస్త్రాలయాల ప్రకటనలు ముంచెత్తుతాయి. ఆషాఢంలో పెళ్లిపనులు ఆగి, వస్త్ర దుకాణాల డిస్కౌంటు పోస్టర్లు మాత్రం మిగులుతాయి. వేసవిలో పాఠశాలలు, కోచింగ్ సెంటర్ల అడ్మిషన్ల ప్రకటనలు. డిసెంబరులో క్యాలెండర్లు, డైరీలు, ఆపైన పుస్తక ప్రదర్శనల కోసం తొందరపడే ప్రచురణకర్తలు. ఎన్నికలొస్తే రాత్రింబవళ్లు పని ఉంటుంది, ఫలితాల తర్వాత బాకీ వసూలు చేయడం కష్టమవుతుంది. ఈ ఎత్తుపల్లాలు ముందే తెలిసినవే గనుక ఏడాదంతా ఒకే తీరుగా పని ఉండే రంగం ఒకటైనా చేతిలో ఉంచుకోవడం అవసరం. ఆసుపత్రులు, సూపర్‌మార్కెట్లు, నెలవారీ పోస్టర్లు కావలసిన చిన్న వ్యాపారాలు ఆ కోవలోవి.

కొత్తవారు తక్కువగా పట్టించుకునే రంగం ఆహార పదార్థాల ప్యాకింగ్. పచ్చళ్లు, పొడులు, పిండివంటలు ఇళ్ల నుంచీ స్వయం సహాయక సంఘాల నుంచీ దేశవిదేశాలకు వెళ్తున్నాయి. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇలాంటి సరుకు లేబుల్ తయారీ అందమైన బొమ్మతో ముగియదు. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం పదార్థాల జాబితా, పోషక విలువలు, 14 అంకెల లైసెన్సు నంబరు ఉండాలి. శాకాహారానికి ఆకుపచ్చ చతురస్రంలో ఆకుపచ్చ వృత్తం, మాంసాహారానికి గోధుమరంగు చతురస్రంలో అదే రంగు త్రిభుజం వేయాలి. తూనికలు కొలతల శాఖ 2011 ప్యాకేజీ సరుకుల నియమాలు నికర తూకం, గరిష్ఠ చిల్లర ధర, తయారీదారు చిరునామా, ఫిర్యాదులకు సంప్రదించే వివరం అడుగుతాయి. అంకెల కనీస ఎత్తునూ నిర్దేశిస్తాయి. అమెరికాకు పంపే సరుకైతే అక్కడి పోషక విలువల పట్టిక నమూనా వేరు. ఈ నియమాలన్నీ చదువుకున్న డిజైనర్‌ను పచ్చళ్ల వ్యాపారి అంత సులువుగా వదులుకోడు, ఎందుకంటే లేబుల్ తప్పయితే సరుకు వెనక్కి వస్తుంది.

తెలుగు అక్షరం

రెడీమేడ్ టెంప్లేట్లు అందరికీ అందుబాటులోకి వచ్చిన ఈ కాలంలో తెలుగు డిజైనర్‌కు అన్నిటికన్నా గట్టి ఆధారం తెలుగు అక్షరమే. 2013లో ఆస్ట్రేలియాలో మొదలైన కాన్వా వంటి సేవలతో ఎవరైనా ఇంగ్లీషు పోస్టర్ తయారుచేసుకోగలరు. అదే టెంప్లేట్‌లో 'రాష్ట్రం', 'స్వాతంత్ర్యం', 'స్త్రీ' అని టైపు చేసి చూస్తే ఇబ్బంది అర్థమవుతుంది. కింద రెండేసి వత్తులు, పైన గుడి, పక్కన కొమ్ము చేరేసరికి ఇంగ్లీషుకు సరిపోయిన వరుసల మధ్య ఖాళీ చాలక ఒక వరుస వత్తు కింది వరుస తలకట్టును ఢీకొంటుంది. ఖాళీ పెంచితే పోస్టర్ అమరిక మొత్తం చెదురుతుంది. ఆ అమరికను తెలుగు కోసం మొదటి నుంచి ఆలోచించి వేయడం వేరే విద్య.

సాంకేతికంగా తెలుగు రెండు లోకాల్లో నడుస్తోంది. ఒకటి యూనికోడ్, ఇందులో తెలుగుకు 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు స్థానాలు కేటాయించారు. రెండోది అను, శ్రీలిపి వంటి పాత డీటీపీ వ్యవస్థలు. అవి ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు ముక్కలను అమరుస్తాయి. ఫాంటు లేని కంప్యూటర్‌లో ఆ ఫైలు తెరిస్తే అర్థంకాని గుర్తులే కనిపిస్తాయి. అక్షరాల రకాలు ఎక్కువగా ఉన్నందున, అలవాటు పోనందున ప్రెస్సులు, ప్రచురణ సంస్థలు ఎన్నో ఇంకా పాత వ్యవస్థలోనే ఉన్నాయి. వెబ్‌సైట్లకు, ఫోన్లకు యూనికోడ్ తప్ప గత్యంతరం లేదు. కాబట్టి రెండూ తెలిసి, ఒకదానినుంచి ఇంకోదానికి మార్చినప్పుడు ఎక్కడ అక్షరాలు చెడతాయో పట్టుకోగలిగినవారికి ఎప్పుడూ పని ఉంటుంది. ఇన్‌డిజైన్‌లో వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకోకపోతే యూనికోడ్ తెలుగు వత్తులు విడిపోతాయి. తెలుగు పుస్తకాన్ని మొదటిసారి చేసేవారిని రోజంతా వేధించే సమస్య ఇదే.

మంచి యూనికోడ్ ఫాంట్లు ఇప్పుడు ఉచితంగానే దొరుకుతున్నాయి. సిలికానాంధ్ర చొరవతో వెలువడిన మండలి, రామభద్ర, సురవరం, గిడుగు, ధూర్జటి మొదలైనవి, గూగుల్ నోటో కుటుంబంలోని తెలుగు ఫాంట్లు, ఎక్‌టైప్ వారి బాలూ తమ్ముడు, అనెక్ తెలుగు, ఇండియన్ టైప్ ఫౌండ్రీ వారి హింద్ గుంటూరు ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో లభిస్తాయి. వాణిజ్య పనులకూ వాడుకోవచ్చు. డబ్బుపెట్టి కొనే ఫాంట్ల విషయంలో లైసెన్సు ఎవరి పేరున ఉండాలి, ఎన్ని కంప్యూటర్లకు, లోగోకు వాడవచ్చా అన్నవి చదవకుండా క్లయింటుకు పంపడం తగదు. దొంగ కాపీ సాఫ్ట్‌వేర్, ఫాంట్లతో పనిచేయడం ఈ రంగంలో మామూలై ఉండటం విచారకరం. తన పనికి హక్కు అడిగేవారు ఎదుటివారి హక్కును కాదనడం పొసగదు. ఖర్చు భరించలేనివారికి ఇంక్‌స్కేప్, గింప్, క్రిటా, స్క్రైబస్ ఎప్పటినుంచో ఉచితం; 2025 అక్టోబరు నుంచి కాన్వా చేతిలోని అఫినిటీ కూడా ఉచితమే.

రెండు భాషల లోగో తెలుగు డిజైనర్ సత్తాకు గీటురాయి. ఇంగ్లీషు పెద్దక్షరాలు ఒకే ఎత్తులో బారులు తీరతాయి. తెలుగు అక్షరాలు గుండ్రంగా ఉండి పైకీ కిందికీ సాగుతాయి. రెంటికీ ఒకే మందం, ఒకే స్వభావం కనిపించేలా గీయాలంటే తెలుగు అక్షరాన్ని చేత్తో గీసి చూసిన అనుభవం కావాలి. చాలా కంపెనీల బోర్డుల మీద ఇంగ్లీషు పేరును ఎంతో శ్రద్ధగా చేసి, తెలుగు పేరును ఏదో ఒక ఫాంటులో కింద అతికించి వదిలేయడం కనిపిస్తుంది. ఆ లోటును తీర్చగలిగితే అడిగినంత ధర ఇచ్చేవారున్నారు.

ధర కట్టడం

పక్కవాడు ఎంత తీసుకుంటున్నాడో చూసి కొంత తగ్గించి చెప్పడం కొత్తవారందరూ చేసే పని. అలా తగ్గించుకుంటూ పోతే వృత్తి ఇల్లు గడపడానికే చాలదు. లెక్క ఇంటినుంచి మొదలుకావాలి. ఉదాహరణకు ఇంటి ఖర్చు నెలకు 35 వేలు, అంటే ఏడాదికి 4 లక్షల 20 వేలు అనుకుందాం. కంప్యూటర్ తరుగుదల, సాఫ్ట్‌వేర్, ఇంటర్నెట్, కరెంటు, ప్రయాణాలకు ఇంకో 90 వేలు. పన్ను, ఆరోగ్య బీమా, పొదుపులకు 90 వేలు. మొత్తం 6 లక్షలు. ఆదివారాలు, పండుగలు, జ్వరాలు పోగా ఏడాదికి 280 రోజులు మిగిలినా, క్లయింట్లను వెతకడానికి, మాట్లాడటానికి, బిల్లులు పంపడానికి, నేర్చుకోవడానికి దాదాపు సగం పోతాయి. సొమ్ము వచ్చే పనిదినాలు 150 అనుకుంటే రోజుకు 4 వేలు పడాలి. ఆరు రోజులు పట్టే లోగోకు 24 వేల కన్నా తక్కువ తీసుకుంటే చేతినుంచి పెట్టుకున్నట్టే. ఈ అంకెలు ఎవరికి వారు మార్చుకోవలసినవే. లెక్క పద్ధతి మాత్రం మారదు.

ఈ రోజుకూలి లెక్క డిజైనర్ తన కోసం వేసుకునేది. క్లయింటుకు చెప్పేటప్పుడు మొత్తం పనికి ఒకే ధర చెప్పడం మేలు. గంటల లెక్కన తీసుకుంటే పని వేగంగా చేసే నేర్పరికే నష్టం, పైగా తెలుగునాట క్లయింటుకు గంటల బిల్లు మీద నమ్మకం కుదరదు. ఇంకో పద్ధతి, ఆ డిజైన్ వల్ల క్లయింటుకు కలిగే ప్రయోజనాన్ని బట్టి ధర కట్టడం. ఒక్క షాపు బోర్డు మీద ఉండే లోగోకు, ఇరవై శాఖల దుకాణాల గొలుసుకు వాడే లోగోకు గీత ఒకటే అయినా విలువ ఒకటి కాదు. ఈ మూడో పద్ధతికి చేరడానికి కొన్నేళ్ల పేరు కావాలి. నెలనెలా పోస్టర్లు కావలసిన చోట సంఖ్య ముందే మాట్లాడుకుని నెలకింత అని కుదుర్చుకోవడం రెండువైపులా సౌకర్యం.

తెలిసినవాళ్లే కదా అని ఊరికే అడిగే పనులు ఈ వృత్తికి పట్టిన పెద్ద చీడ. బంధువుల గృహప్రవేశం కార్డు వరకు సరే. మేనమామ వ్యాపారానికి లోగో అంటే అది వ్యాపారమే. ధర పూర్తిగా వేసి, దాని కింద తగ్గింపు చూపించి బిల్లు ఇస్తే బంధుత్వం చెడకుండానే విలువ తెలుస్తుంది.

ఒప్పందం, హక్కులు

తెలుగునాట డిజైన్ పనులు ఎక్కువగా ఫోన్లో మాట్లాడుకుని, వాట్సాప్‌లో పంపుకుని నడుస్తాయి. పేచీ వచ్చేదాకా అది సుఖంగానే ఉంటుంది. పని మొదలుపెట్టేముందు ఒక పేజీ ఒప్పందం ఉంటే చాలు. ఏమేమి చేసి ఇస్తారు, మొదట ఎన్ని నమూనాలు, ఎన్నిసార్లు కరెక్షన్లు, మ్యాటర్ ఎవరు ఇస్తారు, ప్రూఫ్ ఎవరు చూస్తారు, ఏ ఫైళ్లు అప్పగిస్తారు, ఎప్పటికి, ఎంత సొమ్ము, మధ్యలో పని ఆగిపోతే ఎంత చెల్లిస్తారు అన్నవి అందులో ఉండాలి. వీటిలో కరెక్షన్ల సంఖ్య, ప్రూఫ్ బాధ్యత అతి ముఖ్యం. 'ఇదే ఫైనల్' అన్న తర్వాత కూడా పేర్లు కలుపుతూ పోయే క్లయింటును ఆపేది ఆ ఒక్క వాక్యమే. అచ్చుకు పంపేముందు చివరి ప్రూఫ్ మీద క్లయింటు అంగీకారం రాతలో తీసుకుంటే, తర్వాత కనబడ్డ అచ్చుతప్పు భారం డిజైనర్ మీద పడదు. సగం సొమ్ము అడ్వాన్సు అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

హక్కుల విషయం డిజైనర్లకు, క్లయింట్లకు ఇద్దరికీ సరిగా తెలియదు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం సాధారణంగా కృతికి తొలి హక్కుదారు దాన్ని సృష్టించినవారే. జీతానికి పనిచేసే ఉద్యోగి చేసినదైతే యజమాని హక్కుదారు అవుతాడు. ఫోటో, పెయింటింగ్, పోర్ట్రెయిట్ వంటివి ఎవరైనా సొమ్మిచ్చి చేయించుకుంటే, వేరే ఒప్పందం లేనంతవరకు చేయించుకున్నవారికే హక్కు. లోగో, లేబుల్, పుస్తకం అట్ట లాంటి ఫ్రీలాన్స్ పనుల్లో సొమ్ము చెల్లించినంత మాత్రాన హక్కు దానంతటదే క్లయింటుకు పోదు. బదిలీ రాతపూర్వకంగా, డిజైనర్ సంతకంతో జరగాలని 19వ సెక్షన్ చెబుతుంది. ఎంతకాలానికో రాయకపోతే అయిదేళ్లకే అని, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే అని అర్థం చేసుకుంటారు. కాలావధి రాయకుండా లోగో కొన్న కంపెనీ ఆరో ఏట ఇబ్బందిలో పడవచ్చు. దీన్ని క్లయింటుకు ముందే వివరించి, పూర్తి సొమ్ము అందిన రోజున హక్కు శాశ్వతంగా బదిలీ అవుతుందని రాసే డిజైనర్ మీద గౌరవం పెరుగుతుంది. అలా రాయడం బాకీ వసూలుకూ ఆయుధమే: సొమ్ము అందేవరకు ఆ లోగో డిజైనర్‌దే.

హక్కు బదిలీ చేసినా 57వ సెక్షన్ కింద కర్తగా చెప్పుకునే హక్కు, కృతిని వికృతం చేసి పరువుకు భంగం కలిగిస్తే అడ్డుకునే హక్కు మిగిలే ఉంటాయి. తెలుగు పుస్తకాల్లో ముఖచిత్రం వేసినవారి పేరు వేసే మంచి సంప్రదాయం ఉంది; దాన్ని కొనసాగించమని అడగాలి. లోగోను ట్రేడ్‌మార్కుగా నమోదు చేయించుకోవడం క్లయింటు పని. ఆన్‌లైన్‌లో వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఒక తరగతికి రుసుము 4,500 రూపాయలు. అదే రంగంలో పోలిన గుర్తు ఇప్పటికే ఉందేమో ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో వెతికి చూడటం మాత్రం డిజైనర్ ముందుగా చేయవలసిన పనే.

బాకీలు

పని దొరకక మూతపడే వ్యాపారాల సంగతి అలా ఉంచితే, పని ఉండి, డబ్బు రాక మూతపడేవి ఈ వృత్తిలో మరీ బాధాకరం. ఇక్కడ చట్టం డిజైనర్ పక్షాన ఉంది, ఆ సంగతి తెలిసినవారే తక్కువ. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల కోసం 2020 జులై 1 నుంచి అమల్లో ఉన్న ఉద్యమ్ నమోదు ఉచితం; ఆధార్, పాన్‌తో ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు. సూక్ష్మ సంస్థగా నమోదైనవారికి 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం రక్షణ ఇస్తుంది. 15వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో ఎంత గడువు రాసుకున్నా 45 రోజులు మించకూడదు. మించితే 16వ సెక్షన్ కింద రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడింతల చక్రవడ్డీ నెలనెలా పడుతుంది. ఫిర్యాదును ఆన్‌లైన్‌లో రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు పెట్టవచ్చు. నమోదుకు ముందు చేసిన పనులకు ఈ రక్షణ వర్తిస్తుందా అన్నది న్యాయస్థానాల్లో నలిగిన విషయం కాబట్టి మొదటి పనికి ముందే నమోదు చేసుకోవడం క్షేమం.

దీనికి తోడు 2024–25 మదింపు సంవత్సరం నుంచి ఆదాయపన్ను చట్టంలో వచ్చిన మార్పు పెద్ద సంస్థల ఆడిటర్లను కూడా కదిలించింది. సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువులోగా చెల్లించని మొత్తాన్ని, చెల్లించేదాకా, ఖర్చుగా చూపడం కుదరదు. అందుకే బిల్లు మీద ఉద్యమ్ నంబరు వేయడం మరువకూడదు. ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చి నెలలో దాని ప్రభావం కనిపిస్తుంది.

క్లయింట్లు ఎక్కడినుంచి వస్తారు

తొలి క్లయింట్లు పరిచయాలనుంచే వస్తారు. పాత సహోద్యోగులు, ప్రెస్సు యజమానులు, ఫోటోగ్రాఫర్లు, వెబ్‌సైట్లు తయారుచేసేవారు, ఆడిటర్లు కొత్త వ్యాపారాలను అందరికన్నా ముందు చూసేవారు. కొత్త సంస్థ నమోదుకు ఆడిటర్ దగ్గరికి వచ్చిన రోజునే దానికి లోగో అవసరం మొదలవుతుంది. ప్రింటింగ్ ప్రెస్సుతో సంబంధం రెండువైపులా పదునున్నది: పని పంపిస్తారు, అదే సమయంలో డిజైన్‌ను మళ్లీ ప్రింటింగు ఖర్చులో కలిపేయాలని చూస్తారు.

ఆన్‌లైన్ వేదికల సంగతి వేరు. ఈలాన్స్, ఓడెస్క్ కలిసి ఏర్పడిన సంస్థ 2015లో అప్‌వర్క్ అయింది. ఫైవర్ 2010లో మొదలైంది. ఫైవర్ అమ్మకందారు నుంచి 20 శాతం కమీషన్ తీసుకుంటుంది. ప్రపంచమంతటి డిజైనర్లతో ధరలో పోటీపడాలి, మంచి రేటింగ్ కోసం మొదటి పనులు చవకగా చేయాలి. తొలి విదేశీ పనులకు, ఇంగ్లీషులో క్లయింటుతో వ్యవహరించడం అలవడటానికి అవి మంచి బడి. జీవితకాల ఆధారంగా పెట్టుకోదగినవి కావు. పోటీల వేదికల్లో వందమంది పనిచేస్తే ఒక్కరికే సొమ్ము. 2010లో ఎంపికైన రూపాయి గుర్తు పోటీకి 3 వేలకు పైగా ఎంట్రీలు వచ్చాయి, గెలిచిన డి. ఉదయకుమార్‌కు రెండున్నర లక్షలు దక్కాయి. దేశానికి ఒక గుర్తు కోసం అలాంటి పోటీ పెట్టడంలో అర్థముంది. ఒక కాలేజీ వార్షికోత్సవం లోగోకు పోటీ పెట్టడం విద్యార్థుల శ్రమను ఊరికే వాడుకోవడమే.

ప్రవాస తెలుగువారు ఈ వృత్తికి సహజమైన విదేశీ మార్కెట్. 1977లో ఏర్పడిన తానా మొదలుకొని అమెరికాలోని తెలుగు సంఘాలు మహాసభలు, సావనీర్లు, సాంస్కృతిక కార్యక్రమాలు నిర్వహిస్తాయి. గుళ్లు, నాట్య పాఠశాలలు, తెలుగు రెస్టారెంట్లు కూడా ఉన్నాయి. వీరికి తెలుగు, ఇంగ్లీషు రెండూ చక్కగా అమర్చగల డిజైనర్ అక్కడ దొరకడం కష్టం. సమయభేదం వల్ల సాయంత్రం చెప్పిన కరెక్షన్ వారికి తెల్లవారేసరికి అందుతుంది. అమెరికా సంస్థలు సొమ్ము పంపేముందు డబ్ల్యూ-8బెన్ పత్రం అడగవచ్చు. సొమ్ము తీసుకునేవారు అమెరికా పౌరులో నివాసులో కారని ధ్రువీకరించేది అది. డబ్బు బ్యాంకుకు వచ్చాక విదేశీ సొమ్ము అందినట్టు బ్యాంకు ఇచ్చే ధ్రువపత్రాన్ని భద్రపరచుకోవాలి.

పన్నులు

మొదలుపెట్టడానికి కంపెనీ నమోదు అక్కర్లేదు. సొంత పేరుతోనో, వ్యాపారనామంతోనో ఏక యజమాని సంస్థగా నడపవచ్చు. వ్యాపారానికి వేరే బ్యాంకు ఖాతా మాత్రం ఉండాలి. కంప్యూటర్ కొనడానికి ముద్రా పథకం శిశు విభాగంలో 50 వేల వరకు రుణం దొరుకుతుంది.

సేవల మీద ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటేదాకా రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ జీఎస్టీ నమోదు తప్పనిసరి కాదు. దాటాక డిజైన్ సేవలకు 18 శాతం. విదేశాలకు చేసిన పని ఎగుమతి కిందికి వస్తుంది; నమోదైనవారు ఏటా ఎల్‌యూటీ (లెటర్ ఆఫ్ అండర్‌టేకింగ్) దాఖలు చేస్తే పన్ను వసూలు చేయకుండానే బిల్లు ఇవ్వవచ్చు. వృత్తిపరమైన సేవలకు కంపెనీలు చెల్లించేటప్పుడు 10 శాతం టీడీఎస్ కోస్తాయి. 2025 ఏప్రిల్‌లో దానికి వార్షిక పరిమితిని 30 వేల నుంచి 50 వేలకు పెంచారు. కోసిన సొమ్ము రిటర్ను దాఖలు చేస్తే సర్దుబాటవుతుంది, అందుకే ఆదాయం తక్కువున్న ఏడాది కూడా రిటర్ను వేయాలి. చెల్లించవలసిన పన్ను 10 వేలు దాటితే అడ్వాన్స్ ట్యాక్స్ జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి నెలల 15లోగా కట్టాలి. రాబడిలో కొంత శాతాన్నే ఆదాయంగా లెక్కగట్టే ఊహాత్మక ఆదాయ పద్ధతి వర్తించే వృత్తుల జాబితాలో ఇంటీరియర్ డెకరేషన్ పేరు ఉంది, గ్రాఫిక్ డిజైన్ పేరు లేదు. కొత్త ఆదాయపన్ను చట్టంలో సెక్షన్ల సంఖ్యలు కూడా మారాయి. ఈ ఒక్క విషయంలో ఆడిటర్‌కు ఇచ్చే ఫీజు వృథా కాదు.

పెరుగుదల

2022 నుంచి మిడ్‌జర్నీ, ఆ మరుసటి ఏడాది అడోబీ ఫైర్‌ఫ్లై వంటి కృత్రిమ మేధ సాధనాలు వచ్చి బొమ్మ తయారీని నిమిషాల పనిగా మార్చాయి. పండుగ శుభాకాంక్షల పోస్టర్లు, సాధారణ బ్యానర్ల ధర దీనివల్ల పడిపోతుందనడంలో సందేహం లేదు. ఆ సాధనాలు గీసిన బొమ్మల్లో తెలుగు అక్షరాలు తరచూ తప్పుగా వస్తున్నాయి గాని, ఆ లోపం ఎల్లకాలం ఉంటుందని నమ్ముకోవడం తెలివైన పని కాదు. లేబుల్ నియమాలు తెలియడం, అచ్చుపనిని దగ్గరుండి చూడటం, క్లయింటు చెప్పలేకపోయిన అవసరాన్ని గ్రహించడం, తప్పు జరిగితే జవాబుదారీగా నిలవడం మనిషి చేతిలో ఇంకా చాలాకాలం ఉంటాయి.

పని పెరిగినప్పుడు డిజైనర్ ఎదుట రెండు దారులు. ధర పెంచి పనుల సంఖ్య తగ్గించుకోవడం ఒకటి, సహాయకులను పెట్టుకుని స్టూడియోగా మారడం రెండోది. మొదటి దారి చేతిపని మీద ప్రేమ ఉన్నవారిది. రెండో దారిలో డిజైనర్ సమయం జీతాల లెక్కలకు, పని పంపకాలకు పోతుంది, నెలకు తప్పని ఖర్చు మొదలవుతుంది. ఇక్కడ హక్కుల చట్టం మళ్లీ ముందుకొస్తుంది, ఈసారి అవతలి వైపునుంచి. జీతానికి పెట్టుకున్న సహాయకుడు చేసిన పని మీద హక్కు స్టూడియోదే. పనికింత అని ఇచ్చి ఇంకో ఫ్రీలాన్సర్‌తో లోగో చేయించుకుంటే హక్కు ఆ ఫ్రీలాన్సర్‌దే. అతని సంతకంతో బదిలీ పత్రం తీసుకోకుండా ఆ లోగోను క్లయింటుకు శాశ్వతంగా రాసివ్వడం స్టూడియోకు సాధ్యం కాదు.